స్నేహితుల మైన్‌క్రాఫ్ట్ సర్వర్‌లో మోడ్ రూల్స్ ఎలా పెట్టాలి?

“అన్నా, మినీమ్యాప్ వేసుకోవచ్చా?”

“అన్నా, వాడు వాడేది హ్యాకే కదా, ఎందుకు ఊరుకున్నావు?”

విశాఖలో మేం నడిపే సర్వర్‌లో నన్ను అందరూ అడిగే ప్రశ్నలు ఈ రెండే. ఎంవీపీ కాలనీ, మధురవాడ, గాజువాక, గోపాలపట్నం నుంచి ఓ ముప్పై మంది ఆడతారు. కొందరు ఇంజినీరింగ్ చదివేవాళ్లు, ఎక్కువమంది స్కూలు పిల్లలు. ఈ మధ్య వేరే కాలనీలవాళ్లూ సొంతంగా సర్వర్లు పెట్టుకుని “మీ రూల్స్ పంపండి” అంటున్నారు. ఉత్త జాబితా పంపితే వాళ్లకు పెద్దగా ఉపయోగం ఉండదు. రెండు వారాల్లో కొత్త మోడ్ (గేమ్‌ను మార్చడానికి బయటివాళ్లు రాసిన చేర్పు) వస్తుంది, మళ్లీ గొడవ మొదలవుతుంది. అందుకే రూలు తయారుచేసే పద్ధతంతా ఇక్కడ రాస్తున్నాను.

ఇదంతా మీ సొంత సర్వర్ సంగతి. బీజీఎంఐ, వాలరెంట్, సీఎస్2, జీటీఏ ఆన్‌లైన్ లాంటివి కంపెనీ సర్వర్ మీద ఆడుతున్నప్పుడు రూలు కంపెనీదే. జీటీఏలో ఒక్కరే ఆడుకునేటప్పుడు మోడ్స్‌ను దాని కంపెనీ రాక్‌స్టార్ చూసీచూడనట్టు వదిలేస్తుంది, ఆన్‌లైన్‌లోకి అవే తెస్తే బ్యాన్ చేస్తుంది. సీఎస్2 కంపెనీ వాల్వ్ గేముల్లో వ్యాక్ (వాళ్ల మోసాలు పట్టే వ్యవస్థ) బ్యాన్ పడితే అది శాశ్వతం. అక్కడ “చిన్న మోడే కదా” అనే మాట చెల్లదు.

ముందుగా కావలసినవి

- జావా ఎడిషన్ (కంప్యూటర్‌లో ఆడే మైన్‌క్రాఫ్ట్) సర్వర్. నేను చెప్పేది పేపర్ అనే సర్వర్ ప్రోగ్రామ్ మీద నడిచేదానికి. ఫ్యాబ్రిక్ (మోడ్స్ ఎక్కించే ప్రోగ్రామ్) సర్వర్ అయితే ప్లగిన్లకు (సర్వర్‌లో మాత్రమే వేసే చేర్పులకు) బదులు అవే పనులు చేసే మోడ్స్ వెతుక్కోవాలి.
- కోర్‌ప్రొటెక్ట్ ప్లగిన్. ఎవరు ఏ బ్లాక్ ఎప్పుడు తవ్వారో రాసి పెడుతుంది. ఇది లేకుండా తగాదా తీర్చడం గాల్లో పంచాయితీయే.
- పరీక్షల కోసం ఇంకొక అకౌంట్, లేదా మీరు నమ్మే ఒక స్నేహితుడు.
- నిర్ణయాలు తీసుకోవడానికి మీతో కలిపి ముగ్గురు. ఒక్కరే అయితే ప్రతి తీర్పూ పక్షపాతంగానే కనిపిస్తుంది. ఇద్దరైతే మాట తెగదు.
- ఒక ఆదివారం మధ్యాహ్నం.

1. ఎవరు దేనిమీద ఆడుతున్నారో రాసుకోండి

చాలామంది ఈ మెట్టు దాటేసి నేరుగా మోడ్ పేర్ల దగ్గరికి వెళ్లిపోతారు. ముందు మనుషుల లెక్క తీయండి. మా ముప్పై మందిలో తొమ్మిది మంది ఫోన్‌లో బెడ్‌రాక్ ఎడిషన్‌తో, దాన్ని జావా సర్వర్‌కు కలిపే గీజర్ ప్లగిన్ ద్వారా లోపలికి వస్తారు. వాళ్లకు జావా మోడ్ ఒక్కటి కూడా పడదు. ఇంకో ఆరుగురివి పాత ల్యాప్‌టాప్‌లు, గ్రాఫిక్స్ కార్డు లేనివి. మిగతావాళ్లవి గట్టి మెషీన్లు.

ఈ లెక్క చూశాకే నాకు అసలు కొలబద్ద దొరికింది. ఏ మోడ్ గురించైనా ఒకటే అడగండి: ఇది వెనకబడినవాణ్ని మిగతావాళ్ల వరసలోకి తెస్తోందా, వరసలో ఉన్నవాణ్ని ఇంకాస్త ముందుకు తోస్తోందా? సోడియం అనే మోడ్ వేసుకుంటే పాత ల్యాప్‌టాప్ పిల్లవాడి ఫ్రేములు పెరిగి ఆట సాఫీగా నడుస్తుంది, అంటే మిగతావాళ్లకు ముందే ఉన్నది వాడికీ వస్తుంది. అది న్యాయం. నేల కింద వజ్రం ఎక్కడుందో చూపించే ఎక్స్‌రే ఎవరికీ లేనిదాన్ని ఒక్కడి చేతిలో పెడుతుంది. ఫోన్‌లో ఆడే పిల్లవాణ్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని “ఇది నీకు లేదు, వాడికి ఉంది, పర్లేదా?” అని అడగగలరా? అడగలేకపోతే ఆ మోడ్ వద్దు.

2. మోడ్స్‌ను మూడు కుప్పలు చేయండి

*అడక్కుండా వేసుకోదగ్గవి:* సోడియం, ఆప్టిఫైన్, ఐరిస్ షేడర్లు. గేమ్ సాఫీగా నడపడానికో, అందంగా కనపడడానికో పనికొచ్చేవి. జూమ్ మోడ్ కూడా మేం ఇందులోనే పెట్టాం, 1.17 వెర్షన్ నుంచి గేమ్‌లోనే స్పైగ్లాస్ (దుర్భిణి) ఉంది కాబట్టి. రెండు రాగి కడ్డీలు, ఒక అమెథిస్ట్ ముక్క ఉంటే ఫోన్ పిల్లవాడు కూడా చేసుకుంటాడు.

*అసలు వద్దు:* ఎక్స్‌రే (మోడ్ అయినా, బ్లాకుల రూపం మార్చే రిసోర్స్ ప్యాక్ అయినా), గోడల్లోంచి కెమెరా తిప్పే ఫ్రీక్యామ్, ఆటో క్లిక్కర్, గురి తనే పట్టే ఎయిమ్ మోడ్స్, ఎదుటివాడికి ఎన్ని హార్ట్స్ (ప్రాణం) మిగిలాయో చూపించేవి.

*షరతులతో:* తగాదాలన్నీ వచ్చేది ఈ కుప్పలోనే. ఇక్కడ కాస్త ఎక్కువ సమయం పెట్టండి.

లిటమాటికా తీసుకోండి. కట్టబోయే ఇంటి నమూనాను గాల్లో నీడలా చూపిస్తుంది, మీరు దాన్ని చూస్తూ ఒక్కో బ్లాక్ పేర్చుకుంటారు. ఇంజినీరు గీసిన ప్లాన్ ముందు పెట్టుకుని తాపీమేస్త్రి కట్టినట్టే. దానిమీదే ప్రింటర్ అనే చేర్పు వేస్తే బ్లాకులు వాటంతట అవే పడిపోతాయి. ఇప్పుడు కట్టింది మేస్త్రి కాదు. పేరు అదే, పని వేరు. మేం లిటమాటికాకు సరేనన్నాం, ప్రింటర్‌కు ఒప్పుకోలేదు.

మినీమ్యాప్ కూడా అంతే. నడిచిన దారి గుర్తుపెట్టుకోవడానికైతే మంచిదే. గుహల మ్యాప్, చుట్టూ ఉన్న మనుషుల చుక్కలు చూపిస్తే అది సగం ఎక్స్‌రే. జైరోస్ మినీమ్యాప్‌కు ఫెయిర్‌ప్లే అని వేరే వెర్షన్ ఉంది, అందులో ఆ రెండూ ఉండవు. దాన్నే అనుమతించండి.

చీకటిని పగలు చేసే ఫుల్‌బ్రైట్ మీద మా ముగ్గురికీ చాలా వాదన జరిగింది. చివరికి మామూలు సర్వైవల్‌లో సరే, పీవీపీ (ఒకరితో ఒకరు తలపడే) ఈవెంట్లలో వద్దు అని తేల్చాం. మీ సర్వర్‌లో మీరు వేరేలా తేల్చుకోవచ్చు. తేల్చకుండా మాత్రం వదలకండి.

3. రూలు మోడ్ పేరుతో కాదు, అది చేసే పనితో రాయండి

మొదట్లో మేం పేర్ల జాబితా మాత్రమే పెట్టాం. అందులో మినీమ్యాప్ ఊసే లేదు. గోపాలపట్నం నుంచి తొమ్మిదో తరగతి పిల్లవాడొకడు ఎక్కడి నుంచో ఒక మోడ్‌ప్యాక్ దించుకున్నాడు, అందులో గుహలు చూపించే మినీమ్యాప్ ముందే ఉంది. వాడు దాచలేదు. స్క్రీన్‌షాట్‌లో పై మూలన మ్యాప్ కనపడుతుండగానే మా గ్రూపులో పెట్టి “చూడన్నా, నా కోట” అన్నాడు. అది చూసి ఇంకొకడు ఫిర్యాదు చేశాడు, నేను పది నిమిషాల్లో వాణ్ని బ్యాన్ చేశాను. మర్నాడు వాళ్లమ్మ ఫోన్ చేశారు. “బాబూ, మావాడు ఏం తప్పు చేశాడో వాడికే తెలీట్లేదు. అన్నం కూడా సరిగ్గా తినట్లేదు” అన్నారు. నా దగ్గర సమాధానం లేదు. రాయని రూలుకు శిక్ష వేశాను. ఆ సాయంత్రం బ్యాన్ ఎత్తేసి, అందరి ముందూ వాడికి క్షమాపణ చెప్పి, రూల్స్ మొదటి నుంచీ తిరగరాశాం.

ఇప్పుడు మా రూలు ఇదీ. కావాలంటే ఉన్నదున్నట్టు తీసుకోండి:

“గోడ వెనకున్నది, నేల కిందున్నది, దాక్కున్న మనిషిని చూపించే మోడ్, దాని పేరు ఏదైనా సరే, ఇక్కడ కుదరదు. మీ బదులు క్లిక్ చేసే, తవ్వే, పేర్చే, గురిపెట్టే మోడ్ కుదరదు. గేమ్ సాఫీగా నడవడానికి, అందంగా కనపడడానికి వేసుకునేవి అడక్కుండా వేసుకోండి. అనుమానముంటే ముందే అడగండి. అడిగినందుకు ఎవరినీ తప్పుపట్టం.”

దీని కింద పేర్ల పట్టిక ఇవ్వండి, అవి ఉదాహరణలు మాత్రమేనని చెప్పండి. తెలుగులో రాయండి. ఇంగ్లిష్‌లో రాస్తే చిన్నపిల్లలు చదివినట్టు తలూపుతారు, అంతే.

హెచ్చరిక: డబ్బు తీసుకుని ఒకరికి మంచి కత్తి, ఇంకొకరికి ఎగిరే శక్తి ఇవ్వకండి. ఆటలో పైచేయి ఇచ్చేవాటిని సర్వర్లు అమ్మకూడదని మైన్‌క్రాఫ్ట్ కంపెనీ మోజాంగ్ 2014లోనే స్పష్టం చేసింది. మోడ్ విషయంలో ఇంత కచ్చితంగా ఉండి, అడ్మినే అసమానత అమ్మితే మీ రూలును ఎవరూ లెక్కచేయరు.

4. అందరికీ ఒకే ప్యాక్ ఇవ్వండి

“ఇవి దించుకో” అని పది లింకులిస్తే పది రకాల వెర్షన్లు వస్తాయి. మోడ్రింత్ యాప్‌లోనో, ప్రిజమ్ లాంచర్‌లోనో (రెండూ మోడ్స్ వేసి గేమ్ తెరిచే ప్రోగ్రామ్‌లే) అనుమతించినవన్నీ వేసి ఒక ప్యాక్‌గా ఎగుమతి చేసి గ్రూపులో పెట్టండి. సర్వర్‌కు ఆ ప్యాక్‌తో విడిగా ఒక ఇన్‌స్టెన్స్ (గేమ్‌కు వేరే కాపీ) చేసుకోమనండి. ఒంటరిగా ఆడుకునేటప్పుడు ఎవరేం వేసుకున్నా మనకు పని లేదు. రెంటికీ ఒకటే మోడ్స్ ఫోల్డర్ ఉంటే మాత్రం, ఏదో ఒకరోజు వద్దన్న మోడ్‌తో సర్వర్‌లోకి వచ్చేస్తారు.

సింపుల్ వాయిస్ చాట్ లాంటివి సర్వర్‌లోనూ, ఆడేవాళ్ల దగ్గరా రెండుచోట్లా ఉండాలి. ఫోన్‌వాళ్లకు అది రాదు. కాబట్టి జట్టు ఆటల్లో వాళ్లు మాట్లాడుకోవడానికి డిస్కార్డ్ గది కూడా తెరిచి ఉంచండి.

తెలియని సైటు నుంచి మోడ్ దించుకోవద్దని గట్టిగా చెప్పండి. 2023 జూన్‌లో ఫ్రాక్చరైజర్ అనే మాల్‌వేర్ కర్స్‌ఫోర్జ్ లాంటి పేరున్న చోట కూడా కొన్ని మోడ్స్‌లోకి దూరింది. పేరున్నచోటే అలా జరిగితే, యూట్యూబ్ వీడియో కింద దొరికే లింకులో ఏముంటుందో ఊహించుకోండి. పిల్లలు వాడేది చాలాసార్లు నాన్న ఆఫీసు ల్యాప్‌టాప్.

5. సర్వర్ వైపు తలుపులు వేయండి

ఆడేవాడి కంప్యూటర్‌లో ఏ మోడ్ ఉందో సర్వర్‌కు నమ్మకంగా తెలియదు. క్లయింట్ (ఆడేవాడి గేమ్) తన పేరు ఫ్యాబ్రిక్ అనో వనిల్లా (మోడ్స్ లేని మామూలు గేమ్) అనో చెప్పుకుంటుంది గానీ, అబద్ధం కూడా చెప్పించవచ్చు. అందుకని చూడకూడనిదాన్ని అసలు పంపకపోవడమే మంచి దారి.

సర్వర్ సెట్టింగ్స్‌లో online-mode ఆన్‌లోనే ఉంచండి. అది తీసేస్తే ఎవరి పేరుతోనైనా ఎవరైనా లోపలికి రావచ్చు, మీ బ్యాన్‌కు అర్థం ఉండదు. వైట్‌లిస్ట్ (లోపలికి రానిచ్చే పేర్ల జాబితా) కూడా పెట్టండి.

పేపర్‌లో యాంటీ ఎక్స్‌రే ముందే ఉంటుంది, కానీ ఆఫ్‌లో ఉంటుంది. వరల్డ్ సెట్టింగ్స్ ఫైల్‌లోకి వెళ్లి ఆన్ చేయాలి. అందులో రెండు పద్ధతులున్నాయి, వాటినీ మోడ్ (mode) అనే అంటారు, వేసుకునే మోడ్‌తో కలపకండి. మోడ్ 1 పెడితే పూర్తిగా రాతిలో కప్పబడ్డ ఖనిజాలు చూసేవాడికి ఉత్త రాయిలా వెళ్తాయి. మోడ్ 2 పెడితే నేలంతా దొంగ ఖనిజాలతో నిండిపోయి, ఏది నిజమో తెలియకుండా పోతుంది. ఇది నెట్‌ను, సర్వర్‌ను ఎక్కువ తింటుంది. అద్దె సర్వర్ చిన్నదైతే మోడ్ 1 చాలు. నెదర్‌కు (గేమ్‌లోని పాతాళ లోకం) విడిగా పెట్టడం మరవకండి, లేకపోతే అక్కడి అరుదైన ఖనిజం ఏన్షెంట్ డెబ్రీ తెరిచిన పుస్తకమే.

ఇంకొక కన్నం చాలామందికి తెలియదు. మీ ప్రపంచం సీడ్ (ఆ ప్రపంచం ఏ అంకె నుంచి పుట్టిందో అది) ఎవరికైనా తెలిస్తే, అదే సీడ్‌తో ఇంట్లో ఒంటరి ప్రపంచం తెరిచి అక్కడ ఎక్స్‌రే వేసుకుని, వజ్రాల చోట్లు కాగితం మీద రాసుకుని మీ సర్వర్‌కు రావచ్చు. దీన్ని ఏ యాంటీ ఎక్స్‌రే ఆపలేదు. సీడ్ అడ్మిన్ల దగ్గరే ఉండాలి.

6. మీ రూలును మీరే పగలగొట్టి చూడండి

అందరికీ ప్రకటించే ముందు మీ రెండో అకౌంట్‌తో ఎక్స్‌రే రిసోర్స్ ప్యాక్ వేసుకుని, ఓపీ (అడ్మిన్) అధికారం లేకుండా సర్వర్‌లోకి వెళ్లండి. మైనస్ 58 లోతుకు దిగండి. 1.18 తర్వాత వజ్రాలు ఎక్కువగా ఉండేది ఆ చుట్టుపక్కలే. మోడ్ 1 పనిచేస్తుంటే చుట్టూ రాతిలో ఏమీ కనపడదు, గుహ గోడలకు బయటికి తేలినవి మాత్రం కనపడతాయి. అది లోపం కాదు, మోడ్ 1 పద్ధతే అంత. అన్నీ కనపడుతుంటే సెట్టింగ్ పడలేదు, సర్వర్ రీస్టార్ట్ చేశారో లేదో చూసుకోండి. ఓపీ ఉన్న అకౌంట్‌తో పరీక్షించి మోసపోకండి. ఆ అకౌంట్‌కు మినహాయింపు ఉండొచ్చు.

తర్వాత ఫోన్‌లోంచి ఒకసారి లోపలికి వచ్చి అరగంట ఆడండి. ఆడకుండా ఆ పిల్లల కష్టం తెలియదు.

7. ఫిర్యాదు వస్తే

ముందు వాన పడుతోందేమో చూడండి. నేను నిజంగానే అంటున్నాను. వాన గట్టిగా కురిసిన రాత్రి పెందుర్తి వైపు నెట్ ఊగిసలాడితే, అక్కడి ఆటగాడు మన తెర మీద ఒకచోట మాయమై ఇంకోచోట తేలతాడు. అందరూ “టెలిపోర్ట్ హ్యాక్” అని అరుస్తారు. సర్వర్ టీపీఎస్ (సెకనుకు ఎన్నిసార్లు ఆటను ముందుకు నడుపుతోందో ఆ లెక్క) కూడా చూడండి. 20 ఉండాల్సింది 12కు పడితే అందరి దెబ్బలూ ఆలస్యంగా తగులుతాయి.

ఎక్స్‌రే అనుమానమైతే కోర్‌ప్రొటెక్ట్‌లో ఆ ఆటగాడు వారం రోజుల్లో తవ్విన ఖనిజాలు తీయండి. తర్వాత స్పెక్టేటర్‌లో (గోడల్లోంచి తిరుగుతూ చూసే పద్ధతి) అతని గనిలోకి దిగండి. నిజాయితీగా తవ్వినవాడి గనిలో వట్టి సొరంగాలే ఎక్కువుంటాయి. ఒక పొడవాటి దారి, దానికి రెండువైపులా సమాన దూరాల్లో కొమ్మలు, ఏమీ దొరక్క మధ్యలో వదిలేసినవి పది, ఎక్కడో ఒకచోట నాలుగు వజ్రాల గుంట. ఎక్స్‌రేతో తవ్వినవాడి సొరంగం నేరుగా పోతూ పోతూ ఉన్నట్టుండి పక్కకు తిరిగి, ఆరు బ్లాకుల తర్వాత వజ్రం మీదే ఆగుతుంది. మళ్లీ తిరుగుతుంది, మళ్లీ వజ్రం. వట్టి చేతులతో వెనక్కొచ్చిన దారి ఒక్కటీ ఉండదు.

ఒక్క రాత్రి అదృష్టాన్ని సాక్ష్యంగా తీసుకోకండి. 2020లో డ్రీమ్ అనే ప్రసిద్ధ ఆటగాడి స్పీడ్‌రన్‌లను (గేమ్‌ను వీలైనంత త్వరగా ముగించే ప్రయత్నాలను) పరిశీలించినవాళ్లు ఒక్క వీడియో చూసి తేల్చలేదు. వరసగా ఆరు స్ట్రీమ్‌లు కలిపి లెక్కేశారు. గేమ్‌లోని పిగ్లిన్ జీవులతో 262 బేరాల్లో సుమారు పన్నెండుసార్లు రావలసిన పెర్ల్స్ 42 సార్లు వచ్చాయి. బ్లేజ్ అనే జీవులను 305 చంపితే, సగంసార్లు రావలసిన కడ్డీలు 211 సార్లు వచ్చాయి. అంత లెక్క చూపించాకే రన్ తిరస్కరించారు. తెలియకుండా ఒక మోడ్ ఉండిపోయిందని ఆయన 2021 మేలో చెప్పారు.

తీర్పు ముందు ఆ మనిషితో మాట్లాడండి. గ్రూపులో వద్దు, విడిగా. “తమ్ముడూ, నీ లాగ్ ఫైల్ పంపు” అనండి. ఫ్యాబ్రిక్ మొదలైనప్పుడు ఏయే మోడ్స్ ఎక్కాయో అందులో వరసగా రాసి ఉంటుంది. దాన్ని దిద్దొచ్చు, కాబట్టి అదొక్కటే రుజువు కాదు. కానీ తెలియక వేసుకున్నవాడు వెంటనే పంపేస్తాడు, అక్కడితో సగం సంగతులు తేలిపోతాయి.

మా శిక్షలు ఇవీ: తెలియక చేస్తే మోడ్ తీసేయమని చెప్పి వదిలేస్తాం. రెండోసారైతే 7 రోజులు. తెలిసి ఎక్స్‌రే వాడితే 14 రోజులు, తవ్వినదంతా వెనక్కి. ముగ్గురిలో ఇద్దరు ఒప్పుకోకుండా ఎవరినీ బ్యాన్ చేయం. అడ్మిన్ తమ్ముడి మీద ఫిర్యాదొస్తే ఆ అడ్మిన్ పక్కకు తప్పుకుంటాడు.

8. టోర్నమెంట్ పెడుతుంటే

అందరినీ ఒకచోటికి పిలవగలిగితే మీరు తయారుచేసిన కంప్యూటర్ల మీదే ఆడించండి, సొంత పెన్‌డ్రైవ్‌లు వద్దు. ఇళ్ల నుంచే అయితే మ్యాచ్‌కు ముందు స్క్రీన్ షేర్‌లో మోడ్స్ ఫోల్డర్, రిసోర్స్ ప్యాక్ ఫోల్డర్ తెరిపించి చూడండి. ఫైల్ పేరును నమ్మకండి. 2018లో షాంఘైలో జరిగిన సీఎస్:గో పోటీలో మన దేశపు జట్టు ఆటగాడొకరి కంప్యూటర్‌లో దొరికిన చీట్ పేరు వర్డ్ డాట్ ఈఎక్స్ఈ. ఏదో డాక్యుమెంట్ తెరిచే ప్రోగ్రామ్ అనుకోవాలని. జట్టు మొత్తం పోటీ నుంచి బయటికి వెళ్లాల్సి వచ్చింది.

మోడ్ లేకపోయినా కీబోర్డు, మౌస్ ఉన్నాయి. ఒక్క నొక్కుకు పది క్లిక్కులు పంపే మౌస్ ఆటో క్లిక్కరే. ఇలా హార్డ్‌వేర్‌తో చేసే ఆటోమేషన్‌ను వాల్వ్ కూడా 2024 ఆగస్టులో సీఎస్2 అధికారిక సర్వర్లలో నిషేధించింది. మీ రూల్లో “మోడ్ గానీ, మాక్రో గానీ, పరికరం గానీ” అని ఒక్క ముక్క చేర్చండి, చాలు.

ఎంట్రీ ఫీజు పెట్టకండి. డబ్బు కట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ 2025లో కేంద్రం చట్టం చేసింది. ఈ-స్పోర్ట్స్‌ను వేరుగానే చూసింది గానీ, స్కూలు పిల్లలున్న సర్వర్‌కు ఆ గీత పక్కన నడవాల్సిన పని లేదు. గెలిచినవాళ్లకు సర్వర్‌లో ఒక విగ్రహం కట్టండి. మా పిల్లలు దానికోసమే ప్రాణం పెట్టి ఆడతారు.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

రూలు మార్చి, పాత తప్పులకు కొత్త శిక్ష వేయడం. మారిన రోజు నుంచే అది లెక్క.

యాంటీ చీట్ ప్లగిన్ వేసి, అది చెప్పిందల్లా వేదం అనుకోవడం. నెట్ బాగాలేనివాణ్నీ, ఫోన్‌వాణ్నీ అది తరచూ తప్పుగా పట్టుకుంటుంది. మొదటి రెండు వారాలు దాన్ని హెచ్చరికలకే పరిమితం చేసి, ఎవరిని పట్టుకుంటోందో గమనించండి.

అడ్మిన్లు తమ ఆటల్లో ఓపీ వాడుకోవడం. ఆడే అకౌంట్ వేరు, చూసే అకౌంట్ వేరుగా ఉంచుకోండి.

గేమ్ వెర్షన్ మారినప్పుడు ప్యాక్ మార్చకపోవడం. ఆ వారంలోనే పిల్లలు దొరికిన చోటల్లా మోడ్స్ వెతుక్కుంటారు.

రూల్స్ పనిచేస్తున్నాయో లేదో ఎలా తెలుస్తుంది?

నెల తర్వాత మూడు సంగతులు చూడండి. ఒకటి, “ఇది వేసుకోవచ్చా?” అని ముందే అడిగేవాళ్లు పెరిగారా? పెరిగితే మంచి సూచన. రెండు, ఫిర్యాదుల్లో “రూల్లో ఎక్కడుంది?” అనే మాట ఎన్నిసార్లు వచ్చింది? వచ్చిన ప్రతిచోటా రూలుకు ఒక వాక్యం చేర్చాలి. మూడు, మొదట్లో లెక్క రాసుకున్నారు కదా, ఆ కాగితం తీసి ఫోన్‌లో ఆడేవాళ్లలో ఎంతమంది ఇంకా వస్తున్నారో పేరుపేరునా చూడండి. మానేసినవాళ్లకు మీరే ఫోన్ చేసి కారణం అడగండి. గోపాలపట్నం పిల్లవాడు మాత్రం రోజూ వస్తున్నాడు. ఇప్పుడు కొత్తవాళ్ల ఇన్‌స్టెన్స్ సరిచేసి పెట్టే పని వాడిదే.